పాత పానెల్ మీటర్లతో గడియారం: ముల్లు మధ్యలో తప్పు చూపిస్తే, ఉన్నచోటే నిలిచిపోతే ఏం చేయాలి?

ముందుగా మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు చెబుతాను. మీ దగ్గర మూడు పాత పానెల్ మీటర్లున్నాయి, అంటే స్విచ్ బోర్డుల మీద ముల్లుతో కరెంటో వోల్టేజీయో చూపించేవి. ఒకటి 0–1 మిల్లీ ఆంపియర్ డీసీ మీటరు, ఇంకొకటి 0–300 వోల్టుల ఏసీ మీటరు, మూడోది 0–10 ఆంపియర్లది. వీటితో గంటలు, నిమిషాలు, సెకన్లు చూపించే గడియారం చేస్తున్నారు. మిల్లీ ఆంపియర్ మీటరును ఒక రెసిస్టర్ ద్వారా ఆర్డ్యునో ఊనో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) పిన్నుకు కలిపి నిమిషాలకు పెట్టుకున్నారు. సున్నా దగ్గర, 60 దగ్గర సరిగ్గానే ఉంది. 30 దగ్గర మాత్రం రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. రాత్రి సరిచేసి పడుకుంటే పొద్దునకు మళ్లీ తేడా వస్తోంది. అప్పుడప్పుడు ముల్లు ఉన్నచోటే నిలిచిపోతోంది. మిగతా రెండు మీటర్లలో ముల్లు కదలడమే లేదు. కోడ్‌లో తప్పెక్కడుందో చూడమన్నారు.

కోడ్ చూశాను, అందులో తప్పేమీ లేదు. ఈ రకం గడియారంలో కోడ్ ఒక పూట పని, మీటరు నెల రోజుల పని. మీటరు ముల్లుకు టైమంటే ఏమిటో తెలియదు. కాయిల్‌లో ఎంత కరెంటు పారితే అంత తిరుగుతుంది, అంతే. ఆ కరెంటుకీ, ముల్లు ఆగిన చోటుకీ మధ్య స్ప్రింగు, అయస్కాంతం, పివట్ (కాయిల్ తిరిగే ఇరుసు కొన), భూమ్యాకర్షణ, పైనున్న ప్లాస్టిక్ మూత, ఇన్ని ఉంటాయి. మీరు చెప్పిన లోపాలన్నీ ఆ మధ్యలోనే ఉన్నాయి. అందుకే ముందు మీటరు దగ్గర మొదలుపెడదాం.

మంచి డీసీ మీటరు లోపల గుర్రపు నాడా ఆకారంలోనో, గుండ్రంగానో ఒక శాశ్వత అయస్కాంతం, దాని మధ్య సన్నని తీగతో చుట్టిన చిన్న కాయిల్ ఉంటాయి. కాయిల్ అటూ ఇటూ రెండు హెయిర్ స్ప్రింగులుంటాయి. కరెంటు లోపలికి వెళ్లేదీ వాటి గుండానే, ముల్లును వెనక్కి లాగేదీ అవే. దీన్ని మూవింగ్ కాయిల్ మీటరు అంటారు. 1882లో దార్సొన్‌వాల్, డెప్రే అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు తయారుచేసిన గాల్వనోమీటరు దీనికి మూలం. 1888లో ఎడ్వర్డ్ వెస్టన్ దాన్ని చేత్తో పట్టుకుపోగలిగే మీటరుగా మార్చాడు. కాయిల్ మధ్యలో మెత్తని ఇనుప దిమ్మ పెట్టడం వల్ల అయస్కాంత క్షేత్రం అన్ని కోణాల్లో దాదాపు ఒకేలా ఉంటుంది. స్ప్రింగు లాగే బలం కూడా కోణంతో పాటు సమానంగా పెరుగుతుంది. అందుకే ఈ మీటర్లలో గీతల మధ్య దూరం సమానంగా ఉంటుంది. గడియారానికి కావలసిన గుణం ఇదే.

రెండో రకం మూవింగ్ ఐరన్. ఇందులో కాయిల్ కదలదు, దాని లోపలి ఇనుప రేకు కదులుతుంది. ముల్లు కదలిక దాదాపుగా కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి సున్నా దగ్గర గీతలు ఒకదానిమీద ఒకటి ఇరుక్కుని, పైకి పోయేకొద్దీ విడిపోతాయి. కరెంటు కూడా ఎక్కువ తాగుతుంది. పాత స్విచ్ బోర్డుల మీద కనిపించే ఏసీ వోల్టు మీటర్లలో చాలావరకు ఇవే. చూడటానికి ఎంత అందంగా ఉన్నా వీటిని గడియారంలోకి తీసుకురావద్దు. మైక్రోకంట్రోలర్ పిన్నుతో నేరుగా నడవవు, నడిపినా మొదటి పది నిమిషాలు చదవలేం.

ఏది ఏ రకమో తెలుసుకోవడానికి మూత తీయనక్కరలేదు. డయల్ కింద మూలలో చిన్న చిన్న గుర్తులుంటాయి, భూతద్దం పెట్టి చూడండి. గుర్రపు నాడా బొమ్మ ఉంటే మూవింగ్ కాయిల్. దాని పక్కన డయోడ్ గుర్తు కూడా ఉంటే లోపల రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) ఉన్న ఏసీ మీటరు, అయినా లోపలున్నది మూవింగ్ కాయిలే కాబట్టి పనికొస్తుంది. నిలువు కడ్డీలాంటి ముక్క, దాన్ని చుట్టినట్టున్న వంకర గీత ఉంటే మూవింగ్ ఐరన్. అడ్డ గీత డీసీకి, అల లాంటి గీత ఏసీకి. 1.5, 2.5 లాంటి అంకె ఒంటరిగా కనిపిస్తే అది ఖచ్చితత్వపు తరగతి. 2.5 అంటే ఫుల్ స్కేలులో (చివరి గీత చూపే విలువలో) 2.5 శాతం వరకు తప్పు ఉండొచ్చని. 60 నిమిషాల స్కేలు మీద అది ఒకటిన్నర నిమిషం. అంటే మీకొచ్చిన రెండు నిమిషాల తేడా మీటరు పాడైందని చెప్పడం లేదు. వయసుపైబడిన మంచి మీటరు కూడా అంత తేడా చూపించగలదు. ఇంకా తలకిందులైన టీ అక్షరంలాంటి గుర్తు ఉంటే ఆ మీటరును నిలువుగా నిలబెట్టి వాడాలని అర్థం. ఈ గుర్తు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు కదలని ఆ రెండింటి సంగతి. 300 వోల్టుల మీటరు లోపల కాయిల్‌తో వరసగా చాలా పెద్ద రెసిస్టర్ ఉంటుంది. మీరు 5 వోల్టులిస్తే స్కేలులో అరవయ్యో వంతు కదలాలి, అది కంటికి ఆనదు. గుర్రపు నాడా గుర్తు ఉంటే మూత తీసి ఆ రెసిస్టర్‌ను, రెక్టిఫయర్‌ను తప్పించి కాయిల్ కొసలకే నేరుగా వైర్లు టంకం పెట్టండి. తీసిన భాగాలను పారేయకుండా ఒక కవర్లో వేసి మీటరు వెనక అంటించి ఉంచండి. ఎప్పుడైనా ఎవరైనా దాన్ని మళ్లీ వోల్టు మీటరుగా మార్చుకోవాలంటే దారి ఉండాలి. 10 ఆంపియర్ల దాంట్లో ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. రెండు టెర్మినళ్ల మధ్య షంట్ అనే మందపాటి లోహపు పట్టీ ఉండి, కరెంటు దాదాపు మొత్తం దానిలోంచే పోతుంది. షంట్ విప్పేస్తే కాయిల్ కొద్ది మిల్లీ ఆంపియర్లకే కదులుతుంది. మూత తీశాక షంట్ కాకుండా నాలుగైదు చుట్ల మందపాటి రాగి తీగ కనిపిస్తే మాత్రం అది మూవింగ్ ఐరన్. దాన్ని అలాగే మూసి పక్కన పెట్టండి.

మూత తీసే ముందు ఒక హెచ్చరిక. సైనిక పరికరాల నుంచి, పాత విమానాల నుంచి వచ్చిన మీటర్లలో చీకట్లో వెలిగే పెయింటు వేసి ఉంటే దాని జోలికి పోవద్దు. అందులో రేడియం ఉండొచ్చు. పెయింటు ఇప్పుడు వెలగకపోతే ప్రమాదం పోయిందనుకోకండి. కొన్ని దశాబ్దాల్లో పాడైపోయేది వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రమే. రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. అంకెల మీద, ముల్లు మీద మందంగా, గోధుమరంగుకు తిరిగిన పూత కనిపిస్తే మూత తీయకండి, గోకకండి, డయల్ మార్చాలన్న ఆలోచనే వద్దు. గడియారానికి వేరే మీటరు వెతుక్కోండి.

మామూలు మీటరైతే తొలి పని దాని ఫుల్ స్కేలు కరెంటు కొలవడం. మల్టీమీటరును ఓం రేంజిలో పెట్టి నేరుగా కాయిల్ మీద తాకించే అలవాటుంటే మానేయండి. ముల్లున్న పాత మల్టీమీటర్లు తక్కువ ఓం రేంజిలో పదుల మిల్లీ ఆంపియర్లు పంపిస్తాయి. అలా నేనొకసారి 50 మైక్రో ఆంపియర్ల మీటరు ముల్లును చివరి పిన్నుకేసి కొట్టించి వంచేశాను. అది మళ్లీ నేరుగా రాలేదు, ఆ మీటరు ఇప్పటికీ బాధగానే గుర్తొస్తుంది. సరైన పద్ధతి చెబుతాను. ఒక 1.5 వోల్టుల సెల్లు, 1 కిలో ఓం రెసిస్టర్, 100 కిలో ఓంల వాల్యూం కంట్రోల్ లాంటి పొటెన్షియోమీటరు, మీ మల్టీమీటరు కరెంటు రేంజిలో, చివర మీటరు, అన్నీ ఒకే వరసలో కలపండి. పొటెన్షియోమీటరును పూర్తి 100 కిలో ఓంల వైపు తిప్పాకే సెల్లు కలపండి. అప్పుడు పారేది 15 మైక్రో ఆంపియర్లే, ఏ మీటరుకూ హాని లేదు. నెమ్మదిగా తిప్పుతూ ముల్లు చివరి గీతను తాకిన చోట ఆపండి. మల్టీమీటరు అప్పుడు చూపించేదే ఫుల్ స్కేలు కరెంటు. ముల్లు అక్కడే ఉండగా ఇంకో మల్టీమీటరుతో కాయిల్ కొసల మధ్య మిల్లీ వోల్టులు చూడండి. 1 మిల్లీ ఆంపియర్ దగ్గర 100 మిల్లీ వోల్టులు వస్తే కాయిల్ 100 ఓంలు.

ఆ లెక్కతో రెసిస్టర్ తేలుతుంది. 5 వోల్టులకు 1 మిల్లీ ఆంపియర్ అంటే మొత్తం 5 కిలో ఓంలు. 3.9 కిలో ఓంల మామూలు రెసిస్టర్, దానికి వరసగా 2 కిలో ఓంల మల్టీటర్న్ ప్రీసెట్ (స్క్రూ తిప్పి విలువ సర్దుకునే రెసిస్టర్) పెట్టండి. కాయిల్‌తో కలిపి 4 నుంచి 6 కిలో ఓంల వరకు సర్దుకోవచ్చు. 100 మైక్రో ఆంపియర్ల మీటరైతే ఇవే విలువలు దాదాపు పది రెట్లు. ఇలా పెద్ద రెసిస్టర్ వరసలో ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది. రాగి తీగ నిరోధం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు 0.39 శాతం పెరుగుతుంది. కాయిల్ మొత్తంలో యాభయ్యో వంతే కాబట్టి గది పది డిగ్రీలు వేడెక్కినా కరెంటులో తేడా 0.1 శాతం కూడా ఉండదు. కాయిల్ కొసల మీద రెండు 1ఎన్4148 డయోడ్లను ఎదురెదురుగా కలిపి ఉంచండి. కాయిల్ మీద పడేది 0.1 వోల్టే కాబట్టి మామూలుగా అవి పనిచేయవు. పొరపాటున ఎక్కువ వోల్టేజీ వస్తే కాయిల్‌ను అవే కాపాడతాయి.

మీ రాత్రి–పొద్దున తేడాకు కారణం సరఫరా. ఫొటోలో ఊనోను ఫోన్ చార్జర్‌తో యూఎస్‌బీ ద్వారా నడుపుతున్నట్టు కనిపించింది. ఊనో పిన్ను వోల్టేజీని వేగంగా వేస్తూ ఆపుతూ, వేసి ఉంచే సమయంతో సగటు కరెంటును మారుస్తుంది, దీన్నే పీడబ్ల్యూఎం అంటారు. ఆ పల్సు ఎత్తు అంటే ఆ 5 వోల్టులే. అది 4.9 అయితే ముల్లు కూడా 2 శాతం కిందికి దిగుతుంది. 60 దగ్గర అది 1.2 నిమిషాలు. పైగా మీరు డయల్ వెనక ఎల్‌ఈడీలు కూడా అదే లైను మీద పెట్టారు. రాత్రి అవి వెలిగి ఉండగా సరిచేశారు, పొద్దున ఆర్పేశారు. లోడు మారింది, వోల్టేజీ మారింది, టైం మారింది. ఊనోకు గుండ్రటి జాక్ ద్వారా 9 వోల్టుల అడాప్టర్ ఇవ్వండి. బోర్డు మీదున్న రెగ్యులేటర్ 5 వోల్టులను నిలకడగా ఉంచుతుంది. ఎల్‌ఈడీలకు ఆ 5 వోల్టుల నుంచి ఏమీ తీసుకోకుండా అడాప్టర్ నుంచే విడిగా లైను లాగండి. ఈ ఒక్క మార్పుతోనే మీ టెన్షన్ సగం పోతుంది.

ఇక 30 దగ్గరి తప్పు. దీనికి రెండు కారణాలు కలిసి ఉండొచ్చు. ఒకటి, మీటరును బల్ల మీద పడుకోబెట్టి సరిచేసి, తర్వాత పెట్టెలో నిలబెట్టారు. కాయిల్‌కు ముల్లు ఎదురుగా చిన్న తోకలాంటి బరువులుంటాయి, ముల్లు బరువును తూచడానికి. ఆ తూకం కాస్త తప్పినా నిలబెట్టినప్పుడు భూమ్యాకర్షణ ముల్లును ఒక్కో కోణంలో ఒక్కోలా లాగుతుంది. చివరలు సరిపోయినా మధ్యలో తప్పుతుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న డయల్ గుర్తు ఇందుకే. రెండోది, అయస్కాంతపు ఖాళీ అంతటా క్షేత్రం నూటికి నూరుపాళ్లు సమానంగా ఉండదు. మీటరు తయారైనప్పుడే కొంత తేడా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది కూడా. ఇంకో సంగతి: మీ పెట్టె ముందు పలక ఇనుముదైతే అది కూడా క్షేత్రంలో కొంత పక్కకు లాగేస్తుంది. పాత మీటర్లు కొన్నింటిని ఇనుప పలక కోసమో, ఇనుము కాని పలక కోసమో ప్రత్యేకంగా సరిచేసేవారు. చెక్క, అల్యూమినియం, ఆక్రిలిక్ అయితే ఈ గొడవ లేదు. పక్కన స్పీకరు ఉంటే మాత్రం దూరం జరపండి.

కాబట్టి సరిచేయడం అన్నిటికన్నా చివర చేయాలి. మీటరు తన పెట్టెలో, తన స్థానంలో, తన సరఫరా మీద నిలబడి అరగంట గడిచాక మొదలుపెట్టండి. ముందు కరెంటు పూర్తిగా ఆపి, మూత మీది చిన్న స్క్రూతో ముల్లును సున్నా మీదికి తెచ్చుకోండి. తర్వాత రెండు బటన్లతో పీడబ్ల్యూఎం విలువను ఒక్కో అంకె పెంచే, తగ్గించే ఏర్పాటు కోడ్‌లో పెట్టి, 0, 5, 10 అలా 60 వరకు ప్రతి గీత మీదికి ముల్లును తీసుకెళ్లండి. పదమూడు విలువలొస్తాయి. వాటిని, కరెంటు పోయినా చెరగని మెమరీ అయిన ఈప్రామ్‌లో దాచి, మధ్య నిమిషాలకు రెండు విలువల మధ్య సరళరేఖ లెక్క వేయించండి. ముల్లును ఎదురుగా, ఒక కన్ను మూసి చూడండి. మీ మీటరు డయల్‌లో సన్నని అద్దం పట్టీ ఉంటే అదృష్టం. ముల్లు వెనక దాని నీడ కనబడకుండా పోయినప్పుడు మీ కన్ను సరైన చోట ఉన్నట్టు. ఇలా చేశాక తరగతి 2.5 మీటరు కూడా నిమిషంలో పావు వంతు తేడాతో నడుస్తుంది. నేను చేసిన గడియారాల్లో అన్నిటికన్నా బాగా చూపించేది అందరూ వద్దన్న వంకర మీటరే.

ప్రీసెట్‌ను 60 దగ్గర పీడబ్ల్యూఎం నిండుగా ఉండేలా కాకుండా 95 శాతం దగ్గర ఉండేలా పెట్టుకోండి. పైకీ కిందికీ సర్దుకోవడానికి చోటుంటుంది.

పీడబ్ల్యూఎం కోసం కోడ్‌లో మీరు వాడుతున్న మామూలు అనలాగ్‌రైట్‌లో 0 నుంచి 255 వరకే అంకెలుంటాయి. నిమిషానికి నాలుగు మెట్లు మాత్రమే. నిమిషం గీత మీదికి గెంతడానికి అది చాలు. నెమ్మదిగా జరగాలంటే చాలదు. ఊనోలో పీడబ్ల్యూఎంను తయారుచేసే టైమర్1 16 బిట్లది. దాని గరిష్ఠ విలువ, అంటే ఐసీఆర్1, 3599 అని పెట్టారంటే పీడబ్ల్యూఎంలో సరిగ్గా 3600 మెట్లొస్తాయి. గంటలో సెకన్లెన్నో మెట్లూ అన్నే. నిమిషాన్ని 60తో గుణించి సెకన్లు కలిపితే వచ్చే అంకే ముల్లు స్థానం, దాన్ని ఇందాకటి పదమూడు విలువల ద్వారా పీడబ్ల్యూఎం విలువగా మార్చుకోవాలి. గంటల మీటరుకూ ఇదే టైమర్ పనికొస్తుంది, 12 గంటలను 3600తో భాగిస్తే 12 సెకన్లకో మెట్టు. టైమర్1కు 9, 10 పిన్నుల రూపంలో రెండు అవుట్‌పుట్లు ఉండటం మన అదృష్టం. ఒకటి గంటలకు, ఒకటి నిమిషాలకు. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద కుదిరినప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

టైమర్ వేగాన్ని మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. ఊనో క్లాక్ వేగమైన 16 మెగాహెర్ట్జ్‌ను 8తో భాగించి 3600 మెట్లు నడిపితే 555 హెర్ట్జ్ వస్తుంది. 64తో భాగిస్తే 69 హెర్ట్జ్. కెపాసిటర్ పెట్టి మరీ నునుపు చేయాలని చాలామంది ఆరాటపడతారు. అక్కర్లేదు, ముల్లు బరువే ఆ పని చేస్తుంది. పైగా తక్కువ వేగంలో కాయిల్‌కు కంటికి కనిపించని చిన్న వణుకు ఉంటుంది. ఆ వణుకు పివట్ రాపిడిని విడిపిస్తుంది, ముల్లు చేరవలసిన చోటికే చేరుతుంది. పివట్ కాస్త అరిగిన పాత మీటర్లకు నేను 69 హెర్ట్జ్ వాడతాను. ముల్లు కొస మసకగా కనిపిస్తే 555కు మార్చండి.

ముల్లు నిలిచిపోవడం గురించి మీరు ఒకే మాటలో అడిగారు, కానీ దాని వెనక రెండు వేర్వేరు కథలుంటాయి. మొదటిది స్థిర విద్యుత్తు. మీ మీటరు మూత ప్లాస్టిక్‌ది. గడియారం పూర్తవగానే ఎవరైనా చేసే పని దాన్ని పొడి గుడ్డతో తళతళలాడేలా తుడవడం. ఒకసారి తుడిచాక వేలు మూత మీద ఆనించి నెమ్మదిగా పక్కకు జరపండి, ముల్లు వేలి వెంటే వస్తుందా చూడండి. వస్తే మూత మీద చార్జి ఉన్నట్టే. ముల్లు బరువు గ్రాములో చిన్న భాగం కాబట్టి ఆ కొద్ది ఆకర్షణకే గాల్లో అతుక్కున్నట్టు ఆగిపోతుంది. పాత్రలు తోమే సబ్బు రెండు చుక్కలు నీళ్లలో కలిపి, మెత్తటి గుడ్డ ముంచి బాగా పిండి, మూతను లోపలా బయటా తుడిచి అలాగే ఆరనివ్వండి. కడగొద్దు. ఆ పలచని పొర చార్జిని నిలవనివ్వదు.

రెండోది ఇనుప రజను. ఇది అసలైన ఇబ్బంది. అయస్కాంతానికీ కాయిల్‌కూ మధ్య ఖాళీ మిల్లీమీటరు కన్నా కాస్త అటూ ఇటూ ఉంటుంది. అందులో వెంట్రుక ముక్కంత రజను నిలబడినా కాయిల్ దానికి తగిలి ఆగుతుంది. ముల్లు ఎప్పుడూ ఒకే చోట ఆగుతుందా, లేక ఎక్కడపడితే అక్కడా? ఒకే చోటైతే రజనే. నిన్న మీ ఫొటోలో 22 దగ్గర ఆగింది, మొన్నటిదానిలోనూ 22 దగ్గరే. మూత తీసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, ఊపిరి ఊదకుండా ముల్లును బ్రష్ వెంట్రుకతో తోస్తూ ఖాళీలోకి చూడండి. నల్లటి ముల్లులా నిలబడిన రజను కనిపిస్తుంది. అయస్కాంతం వదలదు కాబట్టి గాలి ఊదితే అది ఇంకా లోపలికి పోతుంది. సన్నని ప్లాస్టిక్ పట్టీ కొసకు సెల్లోటేపు జిగురు వైపు బయటికి వచ్చేలా చుట్టి, ఖాళీలోకి దూర్చి, రజనుకు తాకించి నేరుగా పైకి లాగండి. ఒక్కోసారి పది పన్నెండు సార్లు చేయాలి. హెయిర్ స్ప్రింగుకు మాత్రం టేపు తగలకూడదు. తగిలిందంటే చుట్లు అతుక్కుపోతాయి, విడదీయడం చాలా కష్టం. ఈ పని చేసే బల్ల మీద ఆ రోజు ఇనుము కోయడం, డ్రిల్ చేయడం, ఆకురాయి పట్టడం లాంటివి ఏమీ జరిగి ఉండకూడదు. పెట్టెకు రంధ్రాలు పెట్టిన చోటే మూత విప్పడం వల్లే చాలా మీటర్లలో రజను చేరుతుంది. మీది కూడా అలాగే జరిగి ఉంటుందని నా అనుమానం. స్క్రూడ్రైవరు, ట్వీజర్లు అయస్కాంతానికి అతుక్కోని రకం వాడండి.

రెండూ కాకపోతే అది పివట్ రాపిడి. మూత మీద గోటితో మెల్లగా తట్టండి. ముల్లు కొద్దిగా జరిగి సరైన చోటికి వస్తే పివట్ కొన అరిగినట్టు. నూనె వేయాలనిపిస్తుంది, వేయొద్దు. నూనె దుమ్మును పట్టి కొన్నాళ్లకే ఇంకా గట్టిగా పట్టేస్తుంది. తక్కువ వేగం పీడబ్ల్యూఎంతో నెట్టుకురావడమే దీనికి మార్గం.

గంటల మీటరు గురించి నా అభిప్రాయం ఇది. ముల్లు గంట గంటకూ గెంతితే 5:59కి 5 మీదే ఉండి, నిమిషం తిరగ్గానే 6 మీదికి వెళ్తుంది. చదవడం తేలిక, కానీ గంటసేపు చచ్చినట్టు నిలబడి ఉంటుంది. మెల్లగా జరిగితే అందం, కానీ 2 శాతం తప్పు 12 గంటల మీద దాదాపు పావుగంట అవుతుంది. 5:55కి ముల్లు 6 దాటిపోయి కనిపిస్తే చూసేవాళ్లు 6:55 అనుకుంటారు. నేను గంటల డయల్ మీద గీతలకు అంకెలు వేయను. గళ్లు గీస్తాను. రెండు గీతల మధ్య గడి, గడి మధ్యలో అంకె. ముల్లు ఏ గడిలో ఉంటే ఆ గంట. మెల్లగానే జరిపించండి. సరిచేసేటప్పుడు మాత్రం గీతల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. మధ్యాహ్నం 12 గంటలను మొదటి గడిగా పెట్టుకోండి, లేకపోతే 12:30కి ముల్లు స్కేలు చివర దాటి పోవాల్సి వస్తుంది.

కొత్త డయల్ కోసం పాత దాన్ని గోకేయకండి. అది సన్నని రేకు, రెండు చిన్న స్క్రూలతో ఉంటుంది. విప్పి స్కానర్ మీద పెట్టి 600 డీపీఐలో స్కాన్ చేసుకోండి. ఇంక్‌స్కేప్‌లో (కంప్యూటరులో బొమ్మలు గీసే ప్రోగ్రాం) ఆ బొమ్మ మీదే చాపం గీసుకుంటే కేంద్రం, కోణం సరిగ్గా వస్తాయి. 90 డిగ్రీలని రాసున్న మీటరు నిజంగా కొలిస్తే ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ ఉంటుంది. నిగనిగలాడని కాగితం మీద ప్రింట్ తీసి, రేకును వెనక్కి తిప్పి ఖాళీ వైపు అంటించండి. అసలు డయల్ లోపలివైపు భద్రంగా ఉంటుంది. ముల్లు పొడవు కూడా ముందే చూసుకోండి. 40 మిల్లీమీటర్ల ముల్లు 90 డిగ్రీలు తిరిగితే కొస నడిచే దారి 63 మిల్లీమీటర్లు, నిమిషానికి ఒక మిల్లీమీటరు. అంతకన్నా చిన్న మీటరులో అరవై గీతలు వేయొద్దు, ఐదు నిమిషాలకొకటి చాలు. మీ 300 వోల్టుల మీటరుకు అసలు డయల్ మార్చాల్సిన పనే లేదనిపిస్తోంది. 50 వోల్టులంటే 10 నిమిషాలు, 5 వోల్టులకో నిమిషం. లోపల మూవింగ్ కాయిల్ ఉందని తేలితే దాన్నే నిమిషాలకు పెట్టి, పాత అక్షరాలతో అలాగే ఉంచండి. 1 మిల్లీ ఆంపియర్ మీటరును గళ్ల డయల్‌తో గంటలకు మార్చుకోండి.

టైం కోసం డీఎస్3231 అనే గడియారపు చిప్పున్న మాడ్యూల్ తీసుకోండి. మామూలు గది వేడిలో పది లక్షలకు 2 భాగాలు మాత్రమే తప్పుతుంది, ఏడాదికి ఒక నిమిషం. డీఎస్1307 అయితే బయటి క్రిస్టల్ మీద ఆధారపడి నెలకే దాదాపు నిమిషం పోగొడుతుంది. ఒక చిన్న జాగ్రత్త: ఎక్కువగా దొరికే మాడ్యూళ్లలో బ్యాటరీని చార్జ్ చేసే డయోడ్, రెసిస్టర్ ఉంటాయి. మీరు చార్జ్ కాని సీఆర్2032 సెల్లు పెడుతుంటే ఆ రెసిస్టర్‌ను తీసేయండి.

చివరిగా సెకన్లు. ప్రతి నిమిషానికీ ముల్లు 60 నుంచి సున్నాకు పడుతుంది. రోజుకు 1440 సార్లు, ఏడాదికి 5,25,600 సార్లు. ఒక్కసారిగా వదిలేస్తే సున్నా పిన్నుకు టప్పున కొట్టుకుంటుంది, గదిలో వినిపిస్తుంది, ముల్లు కొన వంగుతుంది. నిమిషాల మీటరుకు రోజుకు ఇరవై నాలుగు సార్లే అయినా ఇదే బాధ. వెనక్కి వచ్చేటప్పుడు విలువను ఒకటిన్నర సెకనులో క్రమంగా తగ్గించండి, చివర మూడో వంతులో ఇంకా నెమ్మదిగా. ముల్లు సున్నా మీద వాలినట్టు కూర్చుంటుంది. గంటకోసారి జరిగే ఆ వాలడం చూడటానికే నేను పని ఆపి తలెత్తుతాను. సెకన్ల మీటరు మాత్రం ఇంత జాగ్రత్తగా నడిపినా పివట్‌కు బరువే. మీ మూడింటిలో అరవై ఏళ్ల నాటి మంచి మీటరేదైనా ఉంటే దాన్ని సెకన్లకు పెట్టకండి. ఈ మధ్య తయారైన మామూలు మీటరును 3వ పిన్ను నుంచి నడపండి, అది అరిగినా ఇంకోటి దొరుకుతుంది.

ఇంకొకటి. 10 ఆంపియర్ల మీటరు పనికిరాదని తేలి, దాన్ని ఇంకెవరికైనా పంపుతుంటే, రెండు టెర్మినళ్లను ఒక రాగి తీగతో కలిపి పంపండి. లోపల మూవింగ్ కాయిల్ ఉంటే, దారిలో కుదుపులకు ఊగినప్పుడు పుట్టే కరెంటే దాని ఊపును ఆపుతుంది. మీ 1 మిల్లీ ఆంపియర్ మీటరును రజను తీయడానికి బల్ల దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు కూడా అలాగే చేయండి.